రక్తం నుంచి హెపటైటిస్ బి యాంటీజెన్: జెల్ మమ్మల్ని ఎలా బోల్తా కొట్టించింది

పెట్టుబడికి మూడింతలు తిరిగొచ్చిందని ఎవరైనా చెబితే ముందు అనుమానించాలి. మా ల్యాబ్‌లో ఆ రోజు ఎవరికీ ఆ అనుమానం రాలేదు. 200 మిల్లీలీటర్ల సీరంలో (గడ్డ తీసేశాక మిగిలే రక్తద్రవం) 2 మిల్లీగ్రాముల హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటీజెన్, అంటే ఆ వైరస్ పైతొడుగు ప్రోటీన్, ఉందని లెక్కేసి పని మొదలుపెట్టాం. చివరికి చేతికి 6 మిల్లీగ్రాములు వచ్చింది. ప్రోటీన్లను సైజు వారీగా గీతలుగా విడదీసి చూపించే జెల్ మీద గీతలు కూడా పుస్తకంలో బొమ్మ చూసి గీసినట్టున్నాయి. మూలమీది హోటల్ నుంచి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకున్నాం. ఆ చాయ్ తాగిన ఆరు వారాలకు గానీ మా సీసాలో నిజంగా ఏముందో మాకు తెలియలేదు.

మాది నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న డయాగ్నోస్టిక్ కిట్ల యూనిట్. హెపటైటిస్ బి పరీక్షకు స్ట్రిప్పులు, ఎలైసా ప్లేట్లు (యాంటీజెన్ ఉంటే రంగు వచ్చే చిన్న బావుల పలకలు) చేస్తాం. ప్రతి కిట్‌తోనూ ఒక పాజిటివ్ కంట్రోల్ వెళ్లాలి. అంటే యాంటీజెన్ కచ్చితంగా ఉందని మనకు తెలిసిన ద్రవం. ఇన్నాళ్లూ ఈస్ట్‌లో తయారైన యాంటీజెన్‌తోనే నెట్టుకొచ్చాం. కానీ కొన్ని లాట్లలో కంట్రోల్ బలంగా చూపించేది, అసలు పేషెంట్ శాంపిల్ మాత్రం నీరసంగా చూపించేది. కంట్రోల్ పాసై, రోగి ఫెయిలయ్యే కిట్ ఎవరికి పనికొస్తుంది? అందుకని మా సర్ ఒక సోమవారం పొద్దున, "సీరం నుంచే తీద్దాం, అసలు సరుకు" అన్నారు.

ఈ ఊళ్లో ఈ మాటంటే ఎవరైనా నవ్వుతారు. ఈస్ట్‌తో చేసిన మన దేశపు మొదటి హెపటైటిస్ బి వ్యాక్సిన్ 1997లో వచ్చింది హైదరాబాద్ నుంచే, శాంతా బయోటెక్నిక్స్ వారి శాన్‌వాక్-బి. పక్కవీధిలో దొరికే దాన్ని వదిలేసి రక్తం వెంట పడటం ఎందుకు? కారణం ఉంది. ఈ యాంటీజెన్‌లో ప్రధానమైనది ఎస్ ప్రోటీన్. ఈస్ట్ చేసే ఎస్ ప్రోటీన్‌కు మన కాలేయం తగిలించే చక్కెర గొలుసు ఉండదు. రోగి రక్తంలో ఆ ప్రోటీన్ రెండు రూపాల్లో తిరుగుతుంది: చక్కెర లేనిది 24 కిలోడాల్టన్లు (ప్రోటీన్ బరువుకు కొలత), ఉన్నది 27. మన కిట్ పట్టుకోవాల్సింది ఆ రెండూ కలిసి ఉన్న కణాన్ని. కంట్రోల్ కూడా అలాంటిదే అయితే మంచిది.

పైగా ఇది కొత్త దారి కూడా కాదు, జనం నడిచి వదిలేసిన పాత బాట. 1960లలో బరూక్ బ్లంబర్గ్ బృందం, చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హిమోఫీలియా రోగి సీరం, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరంతో కలిసి గీత కట్టడం చూసింది. దానికే ఆస్ట్రేలియా యాంటీజెన్ అని పేరు పెట్టారు. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి హెపటైటిస్ బి వ్యాక్సిన్ క్యారియర్ల, అంటే వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవాళ్ల, ప్లాస్మా నుంచి తీసిందే. 1986లో ఈస్ట్ వ్యాక్సిన్ వచ్చాక ప్లాస్మా దారి క్రమంగా మూతపడింది. అందుకే మా పనికి కావాల్సిన చాలా కిటుకులు ఆ రోజుల పేపర్లలోనే ఉన్నాయి. మేం వాటిని చదివాం. చదివినా తప్పులు చేశాం.

సరుకు

సోకిన కాలేయ కణం ఒక విచిత్రమైన పని చేస్తుంది. వైరస్‌ను 42 నానోమీటర్ల కణంగా తయారుచేస్తూనే, లోపల డీఎన్‌ఏ ఏమీ లేని ఖాళీ డొల్లలను కుప్పలు తెప్పలుగా రక్తంలోకి వదులుతుంది. ఇవి 22 నానోమీటర్ల గుండ్రటి కణాలు, కొన్ని గొట్టాల్లాంటివి. ఒక్క అసలు వైరస్‌కు వెయ్యి నుంచి లక్ష దాకా డొల్లలు ఉండొచ్చు. మనకు కావాల్సింది ఈ డొల్లలే. వీటితో రోగం రాదు, కానీ ఒకే సంచిలో అసలు వైరస్ కూడా ఉంటుంది కాబట్టి ధీమాగా ఉండటానికి లేదు.

రక్తదానం చేసిన ప్రతి యూనిట్‌కూ మన దేశంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. హెపటైటిస్ బి రియాక్టివ్ వచ్చిన యూనిట్ ఎవరికీ ఎక్కించరు, పారేస్తారు. ఎథిక్స్ కమిటీ అనుమతి, బ్లడ్ సెంటర్‌తో రాతపూర్వక ఒప్పందం, దాతల పేర్లు లేని కోడ్ నంబర్లు, ఇవన్నీ పూర్తవడానికి పరిశోధన కంటే ఎక్కువ కాలం పట్టింది. అలా ఐదు ప్లాస్మా బ్యాగులు వచ్చాయి. మిగతా నాలుగు పరీక్షల్లో నెగటివ్ ఉన్నవే తీసుకున్నాం.

ల్యాబ్‌లో ఎవరెవరు ఏం ముట్టుకోవాలన్నది మా సీనియర్ టెక్నీషియన్ తేల్చాడు. వయసులో నాకంటే పెద్ద, అనుభవంలో ఇంకా పెద్ద. అందరం అన్న అనే పిలుస్తాం. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి వ్యాక్సిన్ మూడు డోసులూ పూర్తిచేసింది గానీ రక్తంలో యాంటీబాడీ ఎంత ఉందో చెప్పే టైటర్ రిపోర్ట్ ఇంకా రాలేదు. "పది దాటిందని కాయితం చూసినంక రా బిడ్డా, అప్పటిదాంక ఈ హుడ్ దిక్కు రావద్దు" అన్నాడు. రక్షణ ఉందనుకోవడానికి మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్ల యాంటీబాడీ ఉండాలి. ఈ వైరస్ ఎండిన బల్ల మీద కూడా వారం రోజులు బతికి ఉండగలదు. అన్న మాట కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఐదు బ్యాగుల్లో ఏది చిక్కనో చూడాలి. మా సొంత ఎలైసాలో అన్నిటినీ ఒకే డైల్యూషన్‌లో, అంటే ఒకే పాళ్లలో పలచన చేసి, పెట్టాం. రీడింగులు కర్వ్ లోపలే, అంటే కొలవగల హద్దుల్లోనే, వచ్చాయి. బలంగా కనిపించిన మూడింటిని కలిపాం. ఐదో బ్యాగ్ అన్నిటికంటే బలహీనంగా కనిపించింది, ఫ్రీజర్‌లో వెనక్కి నెట్టేశాం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదటి బ్యాచ్

బ్లడ్ బ్యాగ్ ప్లాస్మాలో సిట్రేట్ ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు. ముందు కాల్షియం క్లోరైడ్ పోసి గడ్డ కట్టించి, ఆ ఫైబ్రిన్ ముద్దను తీసేస్తే సీరం మిగులుతుంది. ఈ మెట్టు వదిలేస్తే తర్వాత కాలమ్‌లో (పూసలు నింపిన శుద్ధి గొట్టం) గడ్డకట్టి చుక్కలు చూపిస్తుంది.

ఆ తర్వాత పీఈజీ 6000, ప్రోటీన్లను ద్రవం నుంచి విడదీసి అడుక్కి దించే పాలిమర్. ముందు 4 శాతం దాకా పోసి తిప్పితే పెద్ద పెద్ద చెత్త అడుక్కి పోతుంది, పైద్రవం ఉంచుకున్నాం. దాన్ని 10 శాతానికి పెంచితే ఈసారి యాంటీజెన్ అడుక్కి వస్తుంది, అల్బుమిన్ చాలా మటుకు పైనే కరిగి ఉండిపోతుంది. సీరంలో లీటరుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ ఉంటే అందులో సగం పైన అల్బుమినే. అది పోతే సగం బరువు దిగినట్టే. అడుక్కి దిగిన ఆ ముద్దను, అంటే పెల్లెట్‌ను, ఒకసారి కడగాలి. మేం కడగలేదు. యాంటీజెన్ పోతుందేమోనన్న భయం.

తర్వాత సీజియం క్లోరైడ్ గ్రేడియంట్, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో 48 గంటలు. ట్యూబులో కింద చిక్కగా, పైన పలచగా ఉప్పు నీళ్లు పేరుకుంటాయి. ప్రతి వస్తువూ తన సాంద్రతకు సరిపోయే చోట తేలుతూ ఆగిపోతుంది. విడి ప్రోటీన్లు బరువు, అడుక్కి పోతాయి. కొవ్వు ఎక్కువున్నవి పైకి వస్తాయి. యాంటీజెన్ డొల్లలో నాలుగో వంతు దాకా కొవ్వే కాబట్టి అది 1.20 సాంద్రత దగ్గర (నీటిది 1) ఆగుతుంది. అసలు వైరస్ ఇంకాస్త కింద, 1.22 దాటాక.

మే నెల. 31వ గంట దగ్గర కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపే మెషిన్ ట్రిప్పయింది. రోటర్ బ్రేక్ లేకుండా దానంతటదే నెమ్మదిగా ఆగింది కాబట్టి పొరలు పెద్దగా చెదరలేదనిపించి, మళ్లీ మొదటి నుంచి 48 గంటలు తిప్పాం.

ట్యూబ్ బయటికి తీసి టార్చి వెలుగులో పట్టుకుంటే చూడముచ్చటగా ఉంది. పైన నారింజరంగు పొర. "మీగడ లెక్క కట్టింది మేడమ్" అన్నాడు అన్న. అది కొవ్వు మోసే ఎల్‌డీఎల్, కెరోటిన్ వల్ల ఆ రంగు. ట్యూబు మధ్యకు కాస్త దిగువన నీలపుఛాయ కలిసిన తెల్లని పట్టీ, పలచని బియ్యపు కడుగులాగా. పుస్తకాల్లో దీన్ని సూదితో ట్యూబు పక్క నుంచి పొడిచి లాగమంటారు. అన్న ఒప్పుకోలేదు. వైరస్ ఉన్న ట్యూబుకు అవతలి పక్క మన వేలు ఉంటుంది మరి. పైనుంచి పొరపొరగా పిపెట్‌తో తీశాం. ఒక్కో ఫ్రాక్షన్ నుంచి ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేసి సాంద్రత చూసి, 1.18 నుంచి 1.24 దాకా అన్నీ కలిపేశాం. ఆశ ఎక్కువైతే కోత వెడల్పవుతుంది.

జెల్ వేశాం. 24 దగ్గర ఒక గీత, దాని నెత్తిన 27 దగ్గర ఇంకో గీత. 50 దగ్గర మరొకటి, అది ఎస్ ప్రోటీన్ రెండు కలిసి జతగా మిగిలిపోయిందనుకున్నాం, 24 రెండ్లు 48 కదా. 66 దగ్గర అల్బుమిన్ నీడ. అమ్మాయి ఫోన్‌లో ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. చాయ్ వచ్చింది.

మూడింతల లెక్క

సర్ మర్నాడు షీట్ చూసి ఒకటే ప్రశ్న వేశారు: "2 పెట్టి 6 ఎలా తీశారు?"

నేను పిపెట్ తప్పన్నాను. అమ్మాయి స్టాండర్డ్ పాతబడిందేమో అంది. ఇంకొకరు కరెంటన్నారు. మా దగ్గర బ్యాచ్ ఏది చెడినా మొదటి ముద్దాయి కరెంటే. అన్న మాత్రం ఏమీ అనకుండా ఒక ప్లేట్ తీసుకుని, మొదటి సీరంను వరుసగా సగానికి సగం పలచన చేస్తూ పన్నెండు బావుల్లో పోశాడు.

పలచన చేసే కొద్దీ రంగు తగ్గాలి. మొదటి నాలుగు బావుల్లో రంగు పెరిగింది. ఐదో బావి నుంచి తగ్గడం మొదలైంది.

దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. మా ఎలైసా ఒకే విడతది. ప్లేట్‌కు అతికిన యాంటీబాడీ, రంగు తెచ్చే ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ, శాంపిల్ అన్నీ ఒకేసారి కలుస్తాయి. ఒక యాంటీజెన్ కణాన్ని ఇటు ఒకటి, అటు ఒకటి పట్టుకుంటేనే రంగు. యాంటీజెన్ మరీ ఎక్కువైతే ఇద్దరికీ చెరో కణం దొరుకుతుంది. ఒకే తాడును ఇద్దరు చెరో కొసా పట్టాల్సిన చోట ఇద్దరికీ వేర్వేరు తాళ్లు ఇచ్చినట్టు. లాగుడే ఉండదు. ప్లేట్ కడిగితే ఎంజైమ్ అంతా నీళ్లతో పోతుంది. రీడింగ్ పడిపోతుంది, పడిపోయి సరిగ్గా కర్వ్ లోపలికే వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. చివరి ఫ్రాక్షన్లను ఎంతో పలచన చేసి చదివాం కాబట్టి అవి సరిగ్గా వచ్చాయి. మొదటిదే తప్పు.

సరిగ్గా పలచన చేసి చదివితే మొదటి సీరంలో మిల్లీలీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంది, మేమనుకున్న 10 కాదు. అంటే పెట్టింది 12 మిల్లీగ్రాములు, తీసింది 6. దిగుబడి సగం. ఇది నమ్మదగిన లెక్క. ఒక ముడి వీడింది.

కానీ దాంతో పాటే మరో ముడి పడింది. సీరంలో మొత్తం ప్రోటీన్ మిల్లీలీటరుకు 65 మిల్లీగ్రాములు, యాంటీజెన్ 0.06. భాగిస్తే దాదాపు 1,080. అంటే ఈ సీరం నుంచి నూటికి నూరుపాళ్లు శుద్ధిచేసినా 1,080 రెట్లకు మించి శుద్ధి చేయలేం. అదే పైకప్పు. ఈ చిన్న భాగహారం పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి, చాలామంది రాసుకోరు, మేమూ రాసుకోలేదు. మా బ్యాచ్‌లో మొత్తం ప్రోటీన్ 30 మిల్లీగ్రాములు, అందులో యాంటీజెన్ 6. శుద్ధి 217 రెట్లు. అంటే సీసాలో ఐదో వంతే యాంటీజెన్. మిగతా నాలుగు వంతులూ ఏమిటి? జెల్ చూస్తే అంతా యాంటీజెనే అంటోంది.

"గీత గంత లావుంటే రీడింగ్ గింతేనా?" అన్నాడు అన్న. ఈ కేసు మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

గీతలు ఎవరివి

జెల్ వేసేటప్పుడు మెర్కాప్టోఇథనాల్ కలుపుతాం. ప్రోటీన్లలో గంధకపు బంధాలు దానితో తెగిపోతాయి. ఎస్ ప్రోటీన్‌లో 14 సిస్టీన్లు, అంటే ఆ బంధాలు కట్టే గంధకపు అమైనో ఆమ్లాలు, ఉన్నాయి. కణంలో ఒకదానికొకటి ఈ బంధాలతో అల్లుకుని ఉంటాయి. కాబట్టి ఆ రసాయనం కలపకుండా అదే శాంపిల్‌ను జెల్ మీద వేస్తే, 24, 27 గీతలు తమ చోట ఉండకూడదు. జతలుగా, గుంపులుగా పైకి వెళ్లిపోవాలి.

ఒకే జెల్ మీద రసాయనం ఉన్నదీ లేనిదీ రెండు లేన్లు వేశాం, మధ్యలో రెండు లేన్లు ఖాళీ వదిలి. మెర్కాప్టోఇథనాల్ పక్క లేన్‌లోకి పాకి మోసం చేస్తుంది, అందుకు.

రంగు దిగాక చూస్తే, కింది గీత మాయమైంది. 50 గీత కూడా మాయమైంది. వాటి బదులు 150 దగ్గర లావుపాటి గీత వచ్చింది. 27 అనుకున్న గీత మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

150 అంటే ఇమ్యునోగ్లోబులిన్ జి. దాన్ని విడగొడితే 50 కిలోడాల్టన్ల బరువు గొలుసులు రెండు, 25 కిలోడాల్టన్ల తేలిక గొలుసులు రెండు. మేం ఎస్ ప్రోటీన్ అనుకున్న దాంట్లో చాలా భాగం ఆ తేలిక గొలుసు. జత అనుకున్నది బరువు గొలుసు. 25కూ 24కూ తేడాను మా మినీ జెల్ మీద ఎవరు చెప్పగలరు?

కదలని గీత ఇంకా గడుసుది. గంధకపు బంధాలు తెంచినా తెంచకపోయినా ఒకేచోట ఉందంటే దానికి అసలు సిస్టీనే లేకపోవచ్చు. సీరంలో 28 కిలోడాల్టన్ల దగ్గర, సిస్టీన్ లేకుండా, కుప్పలుగా దొరికే ప్రోటీన్ ఒకటుంది: అపో ఏ-1, మంచి కొలెస్ట్రాల్ అని జనం పిలుచుకునే హెచ్‌డీఎల్ కణం ప్రధాన ప్రోటీన్. జెల్ గీతలను యాంటీబాడీతో గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్‌లో ఇమ్యునోగ్లోబులిన్‌కూ, అపో ఏ-1కూ వేర్వేరు యాంటీబాడీలు వేసి చూశాం. రెండూ వెలిగాయి. నిజమైన ఎస్ కూడా వెలిగింది, ఆ రెండు లావుపాటి గీతల చాటున సన్నగా.

వాటికి అక్కడేం పని? హెచ్‌డీఎల్ సాంద్రత 1.063 నుంచి 1.21 దాకా. మా కోత 1.18 దగ్గర మొదలైంది. బరువైన హెచ్‌డీఎల్‌ను మేమే పిలిచి కూర్చోబెట్టాం. పెల్లెట్ కడిగి ఉంటే అందులో చాలా మటుకు అక్కడే పోయేది. ఇక ఇమ్యునోగ్లోబులిన్ విడిగా ఉంటే ట్యూబు అడుక్కి పోవాలి. కానీ ఈ దాతల్లో కొందరి రక్తంలో యాంటీజెన్‌కే అతుక్కున్న యాంటీబాడీ ఉన్నట్టుంది. రెండూ కలిసిన ముద్ద 1.20 కంటే కొంచెం కింద తేలుతుంది, 1.24 దాకా మేం వెడల్పుగా కోసిన చోట.

ఈ దశలో సర్ ఒక సలహా ఇచ్చారు: సీజియం ఖర్చు, కరెంటు గొడవ అన్నీ మానేసి, సైజును బట్టి వేరుచేసే కాలమ్ ఒక్కటే పెడదామని. హెచ్‌డీఎల్ 10 నానోమీటర్లే, యాంటీజెన్ 22, తేలిగ్గా విడిపోతాయి. కొంచెం పీఈజీ పెల్లెట్‌తో ఒక చిన్న కాలమ్ నడిపాం. హెచ్‌డీఎల్ నిజంగానే వెనకబడింది. కానీ యాంటీజెన్ దిగే సమయానికి కాలమ్ నుంచి నారింజరంగు చుక్కలు పడ్డాయి. ఎల్‌డీఎల్. దాని సైజూ ఇంచుమించు 22 నానోమీటర్లే.

సాంద్రతతో వేరుచేస్తే హెచ్‌డీఎల్ వెంటపడుతుంది, సైజుతో వేరుచేస్తే ఎల్‌డీఎల్. నేను బోర్డు మీద రెండు వలయాలు గీసి వివరిస్తుంటే అన్న, "మా అమ్మ బియ్యం జల్లిస్తది, చెరుగుతది, మళ్ల నీళ్లల్ల గాలిస్తది మేడమ్. రాయి గింజంతే ఉంటే జల్లెడల ఎట్ల పోతది? ఒక్క జల్లెడతో అయ్యేదైతే గాలించుడెందుకు?" అన్నాడు. బోర్డు తుడిచేశాను. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

రెండో బ్యాచ్

అదే సీరం, మరో 200 మిల్లీలీటర్లు. పీఈజీ పెల్లెట్‌ను 10 శాతం పీఈజీతోనే రెండుసార్లు కడిగాం. యాంటీజెన్ పోతుందన్న భయం ఉత్తదే, కడిగిన నీళ్లలో లెక్కలోకి రానంత పోయింది. గ్రేడియంట్‌లో కోత 1.19 నుంచి 1.21 దాకే. కొంత యాంటీజెన్ ట్యూబులోనే వదిలేయాల్సి వచ్చింది, అది చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

తర్వాత పెప్సిన్. పాత ప్లాస్మా వ్యాక్సిన్ తయారీలో పెప్సిన్, యూరియా, ఫార్మాలిన్ మూడు మెట్లు ఉండేవి. వైరస్‌ను చంపడానికి అవి పెట్టినా, శుద్ధికీ ఉపయోగపడేవి. పీహెచ్ 2 దగ్గర యాంటీబాడీ యాంటీజెన్‌ను వదిలేస్తుంది, పెప్సిన్ దాన్ని ముక్కలు చేస్తుంది. డొల్ల మాత్రం ఆ పులుపుకూ, ఆ కత్తెరకూ తట్టుకుంటుంది. దాని పైన ఉండే ప్రీ-ఎస్ తోకలు తెగిపోతాయి, అది నష్టమే. మా కిట్ యాంటీబాడీలు పట్టుకునేది ఎస్ భాగాన్ని కాబట్టి సర్దుకున్నాం. ప్రీ-ఎస్ కావాల్సినవాళ్లు ఈ దారి పట్టకూడదు. 37 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచాం.

ఇక్కడ ఇంకో తప్పు దాదాపు చేయబోయాం. పెప్సిన్ అయ్యాక పీహెచ్ మామూలుకు తెచ్చి కాలమ్ మీద పోద్దామనుకున్నాం. అలా చేస్తే మిగిలిన యాంటీబాడీ ముక్కలు మళ్లీ వెళ్లి యాంటీజెన్‌కే అతుక్కునేవి, వాటి పట్టుకునే చేతులు ఇంకా చెక్కుచెదరలేదు మరి. అందుకే కాలమ్ బఫర్‌లోనే యూరియా పెట్టి, విడిపోయినవి విడిపోయినట్టే సైజును బట్టి వేరుచేసే సెఫరోజ్ 6బి కాలమ్ మీదుగా దించాం. యాంటీజెన్ ముందు దిగింది, ముక్కలూ మిగిలిన హెచ్‌డీఎల్ తర్వాత దిగాయి. ఆ తర్వాత డయాలసిస్ చేసి యూరియా తీసేశాం.

చివర్లో 60 డిగ్రీల దగ్గర 10 గంటలు వేడి. ఇది మొదట్లోనే ఎందుకు చేయలేదని చాలామంది అడిగారు. ముడి సీరంను అంతసేపు వేడిచేస్తే ఇతర ప్రోటీన్లు చిక్కబడి ముద్దకడతాయి, యాంటీజెన్ వాటిలో ఇరుక్కుంటుంది. అందువల్ల చివరి దాకా దాన్ని వైరస్ ఉన్న సరుకుగానే చూడాలి. పీసీఆర్‌లో వైరస్ డీఎన్‌ఏ కనిపించలేదు. అయినా సీసాల మీద అంటువ్యాధి గుర్తు తీయలేదు. పీసీఆర్ తన కొలత హద్దుకు కింద ఉన్నదాని గురించి ఏమీ చెప్పదు.

లెక్క: యాంటీజెన్ 4.2 మిల్లీగ్రాములు, మొత్తం ప్రోటీన్ 4.6. దిగుబడి 35 శాతం, శుద్ధి 980 రెట్ల పైన, పైకప్పుకు దగ్గరగా. ఈ 91 శాతాన్ని నేను మరీ పట్టుకు వేలాడను. మా ఎలైసా స్టాండర్డ్ ఈస్ట్ యాంటీజెన్, కొలిచింది రక్తపు యాంటీజెన్. రెంటినీ యాంటీబాడీ ఒకే గట్టితనంతో పట్టుకుంటుందన్న హామీ లేదు. ప్రోటీన్ కొలతా అంతే: ఇంత కొవ్వు ఉన్న కణానికి బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి తక్కువ చూపిస్తుందని ఎస్‌డీఎస్ డిటర్జెంట్ కలిపిన లౌరీ పద్ధతి వాడాం. ఏదో ఒక రోజు 103 శాతం వచ్చినా ఆశ్చర్యపోను.

ఈసారి జెల్ ముందు మెర్కాప్టోఇథనాల్ లేకుండానే వేశాం. లేన్ కింది సగమంతా ఖాళీ. 28 దగ్గర ఏమీ లేదు. పైన, బావి అంచున, జెల్‌లోకి దిగలేక ఆగిపోయిన మరక. అమ్మాయి మొహం వాడిపోయింది, "ఏం రాలేదు మేడమ్" అంది. పక్క లేన్ చూడమన్నాను. అందులో మెర్కాప్టోఇథనాల్ ఉంది. 24, 27, రెండే గీతలు, సన్నగా. నగరంలోని ఒక పరిశోధన సంస్థ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి పంపిన ఫోటోలో గుండ్రటి చుక్కలు, అక్కడక్కడా పొట్టి కడ్డీలు. 42 నానోమీటర్లవి ఆ ఫోటోల్లో కనిపించలేదు.

కొత్త కంట్రోల్‌తో మూడు లాట్లు వెళ్లాయి. కంట్రోల్, రోగి శాంపిల్ ఇప్పుడు ఒకే తీరుగా తగ్గుతూ పెరుగుతూ ఉన్నాయి. ఎలైసాను రెండు విడతల పద్ధతికి మార్చాం, మధ్యలో ఒక కడుగుడుతో. ఏ శాంపిల్‌నైనా కనీసం మూడు డైల్యూషన్లలో చదవకుండా షీట్‌లో అంకె వేయకూడదని గోడకు కాగితం అతికించాం. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ యూపీఎస్‌కు బ్యాటరీలు మార్చమని రాసిన ఇండెంట్ మాత్రం ఇంకా టేబుళ్లు తిరుగుతోంది.

అమ్మాయి టైటర్ రిపోర్ట్ వచ్చింది, 10కి చాలా పైన. అన్న కాగితం రెండుసార్లు చదివి, ఫ్రీజర్ వెనక నుంచి ఐదో బ్యాగ్ తీయమన్నాడు, మేం బలహీనమని నెట్టేసింది. కరిగించి, వరుసగా పలచన చేసి చూస్తే ఏడో బావి దాకా రంగు పెరుగుతూనే ఉంది. ఐదింటిలోకీ చిక్కనిది అదే. మూడో బ్యాచ్ దానితో మొదలుపెట్టాం.